పేరు గడిలో ఏం రాయాలి

మధ్యాహ్నం మా సైనిక దళం కళింగపట్నం చేరింది. తుపాను వెళ్లి వారమైంది. వంశధార వరద ఇంకా తీయలేదు. రోడ్డు రెండుచోట్ల తెగింది. మాకిచ్చిన ఆర్డరు చిన్నది: వైర్‌లెస్ నడపండి, బియ్యం పంచండి. లైట్‌హౌస్ పక్కన గుడారాలు వేశాం. ఇసుక బూట్లలోకీ అన్నంలోకీ వైర్‌లెస్ సెట్టు మీటల్లోకీ దూరేది. నేను హవల్దారు గుమాస్తాని. మాది కృష్ణా జిల్లా, ఇక్కడి ఆచారాలు తెలియవు.

మూడోనాడు గస్తీవాళ్లు రేవులో మూటలతో కూర్చున్న జనాన్ని తీసుకొచ్చారు. పూర్వం ఇక్కడివాళ్లు రంగూన్‌ను రంగం అనేవారు, కూలికి వెళ్లేవారు. ఆ దారి మూసుకుపోయి ఏళ్లయింది. మళ్లీ తెరిచారని నమ్మించి ఒకడు మనుషుల్ని దొంగచాటుగా పడవెక్కిస్తున్నాడు. ఇదివరకే కొన్ని పడవలు పంపాడట. మొన్న ఒకదాన్ని తనే తీసుకుపోయాడు. ఉత్తరాన ఎక్కడో వాళ్లను ఓడెక్కించి, వీళ్లకోసం తిరిగొస్తానన్నాడట. రేవులో దొరికినవాళ్లలో అప్పన్న అనే రైతు ఉన్నాడు. అతని కొడుకు ఆ పడవలో వెళ్లాడు.

వరద తగ్గేదాకా పోలీసులు రాలేరు. "వాడి పేరు, ఆనవాళ్లు రాయి. వాళ్లు ఓడెక్కకముందే అన్ని రేవులకూ సందేశం పోవాలి," అన్నాడు కెప్టెన్.

అప్పన్నను అడిగాను.

"పేరు సెప్పకూడదు బాబూ. ఆడు నా నేస్తం."

నేస్తమంటే ఇక్కడ ఉత్త స్నేహితుడు కాదట. దేవుడి ముందు ఒకే కంచంలో తిని, కండువాలు మార్చుకుని కలుపుకున్న చుట్టరికం. ఆపైన ఒకరి పేరు ఒకరు పలకరు.

అతని భార్య భగ్గుమంది. "కొడుకు సముద్రం మీదున్నాడు. నీకు నేస్తరికం కావాల్సొచ్చినాదేటి?"

"అయితే నువ్వు చెప్పమ్మా."

ఆవిడ నోటికి పైట అడ్డం పెట్టుకుంది. "నానెలా సెప్తాను బాబూ? అది ఈయన పేరే."

ఒకే పేరున్నవాళ్లు నేస్తం కట్టుకోవడం వాళ్ల వైపు అలవాటట. మూటలతో వచ్చినవాళ్లలోనే ఉన్న పక్కూరి రాములును అడిగాను. అతని నేస్తమూ తన పేరువాడేనట! ఆనవాళ్లు చెప్పించి చూస్తే మనిషి మాత్రం ఒక్కడే.

వైర్‌లెస్ ఆపరేటర్ నవ్వాడు. "ఏది పంపను హవల్దార్? అప్పన్న అని పంపితే జిల్లాలో సగంమందిని పట్టుకొస్తారు."

"ముందు నన్నే కట్టేత్తారు," అన్నాడు అప్పన్న.

"పోనీ, నేస్తం అని రాయనా?"

"ఆ మాటొద్దు బాబూ. రేపు నా పాడె మోసీవోడు నేస్తం. ఆడికా మాట తగదు."

అతని భుజం మీది కండువా చూశాను. "ఇది వాడిచ్చిందేనా? మరి నీది?"

"ఆడికాడే ఉన్నాది. మా ఊరొస్తే అదే ఏసుకొస్తాడు. నేకపోతే తప్పు."

"మా ఊరొస్తే నాదేసుకొస్తాడు కదేటి!" అన్నాడు రాములు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "ఈడి జిమ్మడ!"

అంటే వాడు ఏ కండువానూ పారేయలేడు. అన్నీ మూటలో ఉండాలి. ఏ ఊరి కండువా అంచు మీద ఆ ఊరి చాకలి పెట్టిన గుర్తుంటుంది.

కెప్టెన్ నా చేతిలోని సందేశం ఫారం అందుకుని చూశాడు. "పేరు గడి ఖాళీగా వదిలెయ్."

సందేశం ఇలా పోయింది: పేరు అడగవద్దు. పడవలో ప్రతివాడి మూటా విప్పండి. వేర్వేరు చాకలి గుర్తులున్న కండువాలు ఎవరి దగ్గరుంటే అతన్ని ఆపండి.

మర్నాడు జవాబొచ్చింది. దొరికాడు. ఓడ ఇంకా రాలేదు, పడవలో అందరూ క్షేమం. పేరేమిటని అడిగిన సిపాయిని వాడు ముందు "తమరి పేరు?" అన్నాడట. సిపాయి చెప్పాక, తన పేరూ అదేనన్నాడట.

వరద తీశాక పోలీసులతోపాటు అప్పన్న కొడుకొచ్చాడు, కండువాలూ వచ్చాయి. గుర్తుపట్టడానికి రేవులో తాడుకట్టి వాటిని ఆరేశాం. ఊళ్లవాళ్లు వచ్చి ఎవరివి వాళ్లు తీసుకున్నారు. అప్పన్న తనది భుజాన వేసుకున్నాడు. వాడిచ్చింది అలల్లో వదిలి, సముద్రంలో మునిగి లేచాడు.

మా డ్యూటీ ముగిసింది. లారీ కదిలేటప్పుడు వెనక్కి చూశాను. తాడు మీద ఇంకా కొన్ని కండువాలున్నాయి. వాటిని గుర్తుపట్టాల్సినవాళ్లు అంతకుముందు పడవల్లో ఇంటిల్లిపాదీ వెళ్లిపోయి ఉంటారు.

ఇల్లు చేరి ఇన్నేళ్లయింది. దండెం మీద కండువా గాలికి ఎగిరితే నా చూపు ఇప్పటికీ ముందు దాని అంచు మీదికే పోతుంది.