మూడు నిమిషాల గంట

మొన్న మా కోడలు మైక్రోవేవ్‌లో పాలు వేడి చేస్తుంటే అది టింగుమంది. భోజనం చేస్తూ మనవరాలికి ఏదో చెబుతున్నదాన్ని ఠక్కున ఆపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. "నాన్నమ్మా, గంట కొడితేనే తింటావా నువ్వు?" అని అది పకపకా నవ్వింది. నవ్వదూ మరి! ఆ అలవాటు ఇరవై ఏళ్ళ నాటిది. బర్ దుబాయ్‌లో మేం అద్దెకున్న రెండు గదుల ఫ్లాట్‌లో అంటుకుంది. దాని వెనక నేను చేసిన పెద్ద పొరపాటు ఒకటుంది కాబట్టి నేను మాత్రం నవ్వలేకపోయాను.

2005 ప్రాంతంలో నేను వైద్యురాలిని. అంటే, నా దృష్టిలో. మా పక్కపేట కరామాలో ఒక సింధీ ఆవిడ రెండు శుక్రవారాలు రేకీ నేర్పి, లామినేషన్ చేయించిన సర్టిఫికెట్ చేతిలో పెట్టింది. విశ్వంలోని ప్రాణశక్తి మన అరచేతుల్లోంచి ఎదుటివాళ్ళలోకి పారుతుందని, అది ఎక్కడ అడ్డుపడితే అక్కడ జబ్బని చెప్పింది. జబ్బు మనిషిని ముందు డాక్టరు దగ్గరికి పంపమని కూడా మొదటిరోజే చెప్పింది కానీ, ఆ ముక్క నేను నోట్సులో రాసుకోలేదు. మనిషిని పడుకోబెట్టి, మనం కళ్ళు మూసుకుని, తల నుంచి పాదాల దాకా పన్నెండు చోట్ల చేతులు ఆనించాలి. చోటుకి మూడు నిమిషాలు. గడియారం చూసుకునే పని లేకుండా మూడు నిమిషాలకోసారి గంట మోగే క్యాసెట్ కూడా ఇచ్చింది. మా బిల్డింగ్‌లో తలనొప్పి, నడుంనొప్పి ఉన్న ఆడవాళ్ళెవరూ నా చేతుల్లోంచి తప్పించుకోలేదు. మా ఆయన మాత్రం మొదటి గంట వినపడగానే చెప్పులేసుకుని కిందికి టీ తాగడానికి పోయేవారు.

ఆ రోజుల్లోనే మా ఆడపడుచు ఒక కార్గో ఆఫీసులో ఉద్యోగం దొరికి మా దగ్గరికి వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, మాటకారి. వచ్చేటప్పుడు బొద్దుగా ఉండేది, ఆరు నెలలకి సన్నబడింది. "దుబాయ్ నీళ్ళు నీకు భలే పడ్డాయే, నాజూగ్గా తయారయ్యావు" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకునే వీలుంటే ఇప్పటికైనా తీసుకుంటాను. తర్వాత్తర్వాత చేతులు చల్లగా ఉంటున్నాయంది, కళ్ళు తిరుగుతున్నాయంది. బొడ్డు పైనున్న చక్రంలో శక్తి అడ్డుపడిందని నేను ఒక్క క్షణంలో తేల్చేశాను. రోజూ సాయంత్రం క్యాసెట్ పెట్టి వైద్యం మొదలుపెట్టాను. "నీ చేతులు ఎంత వెచ్చగా ఉంటాయో వదినా" అనేది. నేను పొంగిపోయేదాన్ని. వంట తనే చేసి, మాకు కొసరి కొసరి వడ్డించి, తను ఆఫీసులోనే తినేశానని చెప్పేది. నేను నమ్మేదాన్ని.

అంతలో రంజాన్ వచ్చింది. తోటివాళ్ళంతా రోజా ఉంటే వాళ్ళ ఎదురుగా తినడం బాగుండదని తనూ ఉపవాసాలు మొదలుపెట్టింది. ఊరు ఊరంతా పగలు తినకుండా ఉన్నప్పుడు ఒక పిల్ల తినకపోవడం ఎవరి కంట పడుతుంది? పైగా అందరూ మెచ్చుకున్నారు. మా ఆడపడుచుకి భక్తి కుదిరిందని, అందులో నా చేతుల చలవ కూడా కొంత ఉందని నేను నలుగురికీ చెప్పుకున్నాను.

మా ఎదురు ఫ్లాట్‌లో కడప సాయిబుల కుటుంబం ఉండేది. ఆ ఇల్లాలు బట్టలు కుట్టేది, నన్ను అక్కా అనేది. ఒక సాయంత్రం మమ్మల్ని ఇఫ్తారుకి పిలిచింది. నేలమీద దుప్పటి పరిచి ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, ఉల్లి పకోడీలు పెట్టింది. మసీదులో బాంగు వినపడగానే అందరి చేతులూ ఖర్జూరాల మీదికి వెళ్ళాయి. మా ఆడపడుచు అందరికీ షర్బత్ పోసింది, పిల్లల మూతులు తుడిచింది, గలగలా కబుర్లు చెప్పింది. నేను నాలుగో పకోడీ మీద ఉన్నాను, నాకేం తేడా కనిపించలేదు. కాసేపటికి ఆ కడప చెల్లెలు నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"అక్కా, ఏమనుకోవద్దు. ఆ పాప ఖర్జూరం నోట్లో ఏసుకోలా, రుమాల్లో సుట్టి పెట్టుకునింది. పోయిన వారం ఒక్కతే మా ఇంటికొచ్చినప్పుడూ అంతే. ఇది రోజా కాదక్కా. మేం పొద్దు గూకేదాకా కాసుకోనుండేది తినేదానికే. ఆ పాప తినకుండా తప్పించుకునేదానికి కాసుకోనుంది."

నాకు కోపమొచ్చింది. మా పిల్ల సంగతి నాకు తెలియదా అని విసురుగా అన్నాను. ఆమె పకోడీల బాండీ కింద స్టవ్ ఆర్పేసింది.

ఇంటికొచ్చి ఎప్పటిలా క్యాసెట్ పెట్టాను. చేతులు పొట్ట దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకుని ఉండడం నావల్ల కాలేదు. తెరిచి చూశాను. నా వేళ్ళ కింద పక్కటెముకలు ఒక్కొక్కటే లేచి ఉన్నాయి. తన ముంజేతుల మీద పసిపిల్లలకి ఉన్నట్టు సన్నటి నూగు. ఇన్నాళ్ళూ శక్తి పారుతోందని మురిసిపోతూ, ఆకలితో మాడిపోతున్న పిల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. సిగ్గుతో ఏడుపొచ్చింది. అది విని తనూ కళ్ళు తెరిచింది.

"నాకు తినాలంటే భయమేస్తోంది వదినా. తినకపోతే ఏదో గెలిచినట్టుంటుంది. తిన్నరోజు నా మీద నాకే అసహ్యం. అన్నయ్యకి చెప్పకు, ప్లీజ్."

చెప్పాను. అన్నం తినడానికి భయమేంటని మా ఆయన మూడుసార్లు అడిగారు. నాలుగోసారి అడగకుండా టాక్సీ పిలిచారు.

మలయాళీ డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేయించింది. ఇది మొండితనమూ కాదు, షోకూ కాదు, మనసుకీ ఒంటికీ కలిసి వచ్చిన జబ్బని, అశ్రద్ధ చేస్తే ప్రాణం మీదికి వస్తుందని హిందీలో విడమరిచి చెప్పింది. మనసు డాక్టరు దగ్గరికి, ఆహారం సంగతి చూసే ఆవిడ దగ్గరికి పంపింది. నా రేకీ సంగతి మా ఆడపడుచే బయటపెట్టింది. డాక్టరమ్మ నవ్వలేదు. చేతులు పెడితే పిల్ల నెమ్మదిస్తుందంటే పెట్టుకోమంది, కానీ అది మందూ కాదు, తిండీ కాదు, ముందు కంచం, తర్వాతే చేతులు అంది.

ఆ కంచమే కష్టమైంది. త్వరగా తినమంటే లేచిపోయేది, ఊరుకుంటే ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయేది. ఒకరోజు తనే అంది: "ఆ క్యాసెట్ పెట్టు వదినా, గంట మోగినప్పుడల్లా ఒక ముద్ద తింటాను." అలా మొదలైంది. నేనూ తనతోపాటు టింగుమన్నప్పుడే తినేదాన్ని. చారన్నం చల్లారి గడ్డకట్టేది. మా ఆయన ఇప్పుడు కిందికి పోవడం మానేసి, మా ఎదురుగా కూర్చుని గంట మోగగానే అరబ్బుల్లా "యల్లా, కానివ్వండి" అనేవారు. కొన్నిరోజులు పన్నెండు ముద్దలు, కొన్నిరోజులు రెండే. బాగుపడిందనుకుంటే మళ్ళీ జారేది. ఒకసారి ఆస్పత్రిలో కూడా ఉంచాల్సి వచ్చింది. రోజూ భోజనమయ్యాక చేతులు పెట్టేదాన్ని, కళ్ళు తెరుచుకునే. వాటిలోంచి ఏం పారిందో, అసలు పారిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండేళ్ళు గడిచాక ఇంకో రంజాన్ సాయంత్రం కడప చెల్లెలు పకోడీలు, ఖర్జూరాలు పట్టుకుని మా ఇంటికే వచ్చింది. అలవాటుగా క్యాసెట్ పెట్టాను. మా ఆడపడుచు వాళ్ళ ఆఫీసు ముదీర్, అంటే మేనేజరు, ఫోన్లో ఎలా అరుస్తాడో చేసి చూపిస్తూ మమ్మల్ని నవ్విస్తోంది. గంట మోగింది. తను ఆగలేదు. మళ్ళీ మోగింది. చివరికి క్యాసెట్ అయిపోయి టపీమని ప్లేయర్ ఆగిపోయింది, ఎవరం లేవలేదు. కడప చెల్లెలు కళ్ళతోనే నాకు ఆ పిల్ల ప్లేటు చూపించింది. అంచున ఖర్జూరం గింజలు మూడున్నాయి.

కాలం ఎలా గడిచిపోయిందో తెలియలేదని నా వయసువాళ్ళంతా వాపోతుంటారు. కంచం ముందు కూర్చున్న ఆ పిల్లకి కాలం తెలియకుండా గడిచిన సాయంత్రం ఒకటి చూశాను కాబట్టి, నేను మాత్రం ఆ మాట ఫిర్యాదుగా అనలేను.