పంటు కింద వెచ్చటి నోరు

చెప్తాను... కానీ మధ్యలో నవ్వకూడదు. నవ్వితే అక్కడితో ఆపేసి దుప్పటి కప్పుకుని పడుకుంటాను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నాకే జరిగింది. ఇదిగో, ఈ కుడి చేతికి. ఆ రాత్రి నేను చుక్క ముట్టలేదు. ఒంట్లో జ్వరం లేదు. నిద్రమత్తు అసలే లేదు.

ముందు ఒక సంగతి చెప్పాలి. నాకు దేన్ని చూసినా అంత తొందరగా రోత పుట్టదు. పశువుల దవాఖానాలో కాంపౌండర్‌ని. కడుపులో చచ్చిపోయిన దూడను, మోచేయి దాటేదాకా చెయ్యి పెట్టి బయటికి లాగి, సబ్బుతో కడుక్కుని, అదే చేత్తో అన్నం తిన్నవాణ్ణి. పురుగులు పట్టిన పుండ్లు కడిగాను. చీము మొహం మీద చిందితే తుడుచుకుని మళ్లీ పనిలో పడ్డాను. పెళ్లయిన కొత్తలో నా భార్య సుజాత నా పక్కన కూర్చుని తినలేక పళ్లెం పట్టుకుని వంటింట్లోకి పోయేది. అలాంటి నాకు ఆ రాత్రి గుర్తొస్తే ఇప్పటికీ లేచి పోయి ఈ చెయ్యి కడుక్కుంటాను. భయం ఎప్పుడో పోయింది. అసహ్యం మాత్రం పోలేదు.

ఎనభైల్లో మాట. భద్రాచలం దాటి, గోదావరి ఒడ్డున, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక చిన్న ఊరికి నన్ను బదిలీ చేశారు. సుజాత అప్పుడు కడుపుతో ఉంది. వాళ్ల పుట్టిల్లు కల్లూరు. తొమ్మిదో నెల రాగానే తీసుకుపోతామన్నారు. ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. ఆ ఊళ్లోనే, మా కిరాయి ఇంట్లోనే పాప పుట్టింది. నా అరచేతులు రెండూ కలిపితే సరిపోయేంత పిల్ల.

సుజాతకు పాలు పడలేదు.

కబురందుకుని మా అత్తగారు పరుగున వచ్చింది. వెల్లుల్లి పెట్టింది. మెంతులు పెట్టింది. పచ్చి బొప్పాయి కూర వండి పెట్టింది. చుక్క రాలేదు. డబ్బాపాలు పడితే పిల్లకు విరేచనాలు. ఆవుపాలలో నీళ్లు కలిపి దూదితో పిండితే కక్కేసింది. మొదట్లో గుక్కపట్టి ఏడ్చేది. తర్వాత తర్వాత ఆ ఏడుపు సన్నబడింది. నన్ను భయపెట్టింది అదే. నేను పశువుల్లో చూసినవాణ్ణి కదా. దూడ అరుస్తున్నంతసేపూ నేను కంగారుపడను. అరవడం మానేస్తేనే పరుగెత్తుతాను.

ఆ సాయంత్రం అత్తగారు నన్ను వాకిట్లోకి పిలిచింది.

"అల్లుడుగారూ, వాలుగ చేప తెండి. పచ్చిది కావాలె. వాలుగ పులుసు తింటే బాలింతకు పాలు దిగుతయ్. మా అమ్మ నాకు గట్లనే పెట్టింది."

"రేపు సంత ఉంది కదా అత్తయ్యా, రేపు తెస్తాను."

"రేపటిదాకా పిల్ల ఆగుద్దా?" అనేసి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను చొక్కా వేసుకుని దానియేలన్న దగ్గరికి పోయాను. ఆయన పంటు కాపలాదారు. రెండు పెద్ద పడవలను పక్కపక్కన కట్టి, మీద చెక్కలు పరిస్తే అది పంటు. పగలంతా బండ్లు, మేకలు, మనుషులు దాని మీదే గోదావరి దాటేవారు. రాత్రిపూట రేవులో కట్టేసి ఉంచేవారు. దానియేలన్న దాని మీదే పడుకునేవాడు. నాకన్నా పదేళ్లు పెద్ద. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. మిగతా రోజుల్లో ఆ గొంతు నిండా బీడీ పొగే. ఒకసారి ఆయన మేక ఈనలేక కష్టపడుతుంటే నేను కాపాడాను. అప్పటినుంచి నన్ను డాక్టర్ సాబ్ అనేవాడు.

విషయం చెప్పాను. పెట్రోమాక్స్ దీపం వెలిగించి, వెదురుకర్రకు తగిలించి, నీళ్ల మీదికి వంచి కట్టాడు. నా చేతికి ఒక తాడు ఇచ్చాడు. చివర మూడు కొక్కేలు కలిపి కట్టి, పైన సీసపు ముద్ద.

"ఎర ఏదన్నా?"

"ఎర ఎందుకు సాబ్? లైటే ఎర. ఎలుగు జూసి చిన్న చేపలొస్తయ్, ఆటి కోసం వాలుగొస్తది. కిందికి ఇడువు... జల్దీ గుంజు. ఇడువు... గుంజు. గంతే. ఎక్కడ తగిలితే అక్కడ గుచ్చుకుంటది."

పంటుకు ఆ చివర ఆయన, ఈ చివర నేను. ఇడువు... గుంజు. ఇడువు... గుంజు. వానలు పోయి చలి మొదలైన రోజులు. నీళ్ల మీద పొగమంచు. దీపం సుయ్యిమంటోంది. దాని చుట్టూ పురుగులు. రెక్కలు కాలి నా మెడ మీద పడుతున్నాయి, కాలర్లోకి దూరుతున్నాయి. చెక్కల మీద పగలు దాటిన మేకల పెంటికలు, తారు వాసన, ఎప్పటివో చేప పొలుసులు. తాడుకు పట్టిన నాచు అరచేతిలో జారుతోంది. చీదరగా ఉంది, అయినా గుంజుతూనే ఉన్నాను. చెవుల్లో మాత్రం పాప సన్నటి ఏడుపే.

చాలాసేపు ఏమీ తగల్లేదు. చివరికి ఒకసారి తాడు బిగుసుకుంది. గుంజితే రాలేదు. చేప కాదు, కదలిక లేదు. తాడు వాలుగా పోయి రెండు పడవల నడుమ సందులోకి దూరింది.

"తెంపకు సాబ్!" అని అటునుంచి దానియేలన్న కేకేశాడు. "ఇంకో గాలం లేదు. చెయ్యి పెట్టి తియ్యి. చెక్కకు పట్టుకున్నట్టుంది."

చెక్కల మీద బోర్లా పడుకున్నాను. చెంప చెక్కకు ఆనించి, సందులోంచి చెయ్యి దించాను. దీపం వెలుతురు అక్కడికి రాదు. నీళ్లు ఎముకలు కొరికేంత చల్లగా ఉన్నాయి. తాడు పట్టుకుని కిందికి తడుముకుంటూ పోయాను. పడవ పక్కకు దట్టంగా నాచు. మెత్తగా, జారుడుగా... ఇంకా కిందికి... భుజం దాకా దిగింది చెయ్యి. కొక్కెం తగిలింది. చెక్కలో దిగబడి ఉంది. వేళ్లతో ఊపుతున్నాను...

అప్పుడు ఏదో నా రెండు వేళ్లను నోట్లోకి తీసుకుంది.

కరవలేదు... తీసుకుంది.

మీకు తెలుసో లేదో... తల్లి చచ్చిపోయిన దూడకు బకెట్లో పాలు తాగడం నేర్పాలంటే ఒక పద్ధతి ఉంది. రెండు వేళ్లు పాలలో ముంచి దాని నోట్లో పెట్టాలి. తల్లి చన్ను అనుకుని చీకుతుంది. అలా చీకుతుండగానే చెయ్యి మెల్లగా పాలలోకి దించాలి. ఎన్ని దూడలకు నేర్పానో నాకే లెక్క లేదు. అందుకే ఆ చీకుడు ఏమిటో నాకు క్షణంలో తెలిసిపోయింది. లాగుతుంది... లాగుతుంది... ఆగుతుంది. మళ్లీ లాగుతుంది... లాగుతుంది... ఆగుతుంది. ఆగేది ఊపిరి తీసుకోవడానికి. మరి నీళ్లలో ఊపిరేమిటి?

వెచ్చగా ఉంది. ఆ మంచులాంటి నీళ్లలో ఆ నోరు ఒక్కటే వెచ్చగా ఉంది. పళ్లు లేవు. వాలుగకైతే నోటినిండా రంపంలా సన్నటి పళ్లు, వేళ్ల చర్మం లేచిపోయేది. ఇక్కడ ఉన్నవి చిగుళ్లు. పైకి మెత్తగా, లోపల గట్టిగా ఉన్న చిగుళ్లు. దూడ నాలుక గరుకుగా ఉంటుంది. ఇది నున్నగా ఉంది. కింది నుంచి నా వేళ్లను చుట్టి అంగిలికి అదుముతోంది. చిన్న నోరు... చాలా చిన్న నోరు.

చెయ్యి లాగేసుకోవాలని తెలుసు. చెయ్యి నా మాట వినలేదు. నా చెంప చెక్కకు ఆని ఉంది కదా... ఆ చెక్కలోంచి వినిపించింది. చప్... చప్... చప్. నీళ్ల కింది నోటి చప్పుడు నా చెవిలోకి ఎలా వచ్చిందో నేను చెప్పలేను. గోదావరి ఎప్పటిలాగే పారుతోంది. దీపం సుయ్యిమంటూనే ఉంది. ఆ చివర దానియేలన్న దగ్గాడు.

దానికి ఏమీ రాలేదు. రాదు కదా, వేళ్లలో ఏముంటుంది? అప్పుడది కంగారుపడింది. మూడో వేలు కూడా లోపలికి తీసుకుంది. గబగబా చీకింది. చివరికి కోపం వచ్చినట్టు చిగుళ్లతో గట్టిగా నొక్కింది...

లాగాను. టప్‌మని ఊడి వచ్చింది చెయ్యి.

దీపం దగ్గరికి పోయి చూసుకున్నాను. మూడు వేళ్లు కణుపుల దాకా తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. వాటి చుట్టూ చిక్కటి జిగట. ఒక తీగ వేలికొసల నుంచి ఆ సందులోకి వేలాడుతోంది. చెయ్యి ఎత్తితే తెగలేదు... సాగింది. ఇంకా ఎత్తితే ఇంకా సాగింది. తుడుచుకుందామని చెయ్యి దగ్గరికి తెచ్చుకునేసరికి... వాసన తగిలింది. ముర్రుపాల వాసన. ఈనిన ఆవు మొదటి పాలు, పచ్చగా, చిక్కగా ఉంటాయి చూడండి, ఆ వాసన. పాచి నీళ్లలో ఊరి, పులిసి...

అక్కడే చెక్కల మీద భళ్లున కక్కేశాను.

"ఏందైంది సాబ్?" దానియేలన్న పరుగెత్తుకొచ్చాడు. చెయ్యి చాపాను. దగ్గరికి తీసుకుని వాసన చూశాడు. మొహం మారిపోయింది.

"పాల వాసనొస్తంది..." అన్నాడు మెల్లగా.

"ఏదో చీకిందన్నా. నా వేళ్లు చీకింది."

"వాలుగ ముట్టుంటది."

"వాలుగకు పళ్లుంటాయి కదన్నా."

ఆయన నా చెయ్యి వదిలేశాడు. తల మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకున్నాడు. అంతలో ఆ చివర మేకుకు కట్టి వచ్చిన ఆయన తాడు ఫట్‌మని బిగిసింది. ఇద్దరం ఎగిరిపడ్డాం. ఆయన పోయి గుంజాడు. వాలుగ! నిలబెడితే నా మోకాలి దాకా వచ్చేంత పొడుగు. తాడు మాత్రం నది వైపు నుంచి రాలేదు. పంటు కింద నుంచి, ఆ సందు వైపు నుంచే వచ్చింది. చేప నోరు తెరుచుకుంటూ, మూసుకుంటూ, చెక్కల మీద జిగట పూస్తూ కొట్టుకుంది. దాన్ని చూడలేక నేను మొహం తిప్పుకున్నాను.

"నాకొద్దన్నా. నీళ్లలో పారెయ్."

"పిచ్చి మాటలు మాట్లాడకు. దేవుడిచ్చిండు. నీ పిల్ల మొకం జూసి తీస్కపో," అని గోనెసంచిలో వేసి నా భుజానికి ఎత్తాడు. దారి పొడుగునా నా వీపు మీద అది కదులుతూనే ఉంది.

ఇంటికి పోయేసరికి అత్తగారు, సుజాత ఇద్దరూ మేలుకునే ఉన్నారు. పాప సుజాత ఒడిలో ఉంది. ఏడవడం లేదు. కళ్లు సగం తెరిచి చూస్తోంది. నేను ఏదీ దాచలేదు. నోరు, చిగుళ్లు, వాసన, అన్నీ చెప్పాను. అత్తగారు వింటూనే కత్తిపీట వేసుకుని చేప కోసింది. పొట్ట చీల్చగానే తెల్లగా, విరిగిన పాల ముద్దలు ముద్దలుగా జారి పళ్లెంలో పడ్డాయి. పులిసిన వాసన ఇల్లంతా కొట్టింది. పసిపిల్లలు పాలు కక్కినప్పుడు వచ్చే వాసన.

"మగచేప. గుడ్లకు బదులు దీనికి ఉండే తెల్ల జెన అది," అంది అత్తగారు. పళ్లెం వైపు మాత్రం చూడలేదు.

"అత్తయ్యా, నేను కోసిన కడుపులు తక్కువా? జెన ఎక్కడుంటుందో నాకు తెలుసు. అది ఉన్నది తిన్న తిండి ఉండే చోట. పారెయ్యండి!"

కత్తిపీట మీద అత్తగారి చేతులు ఆగిపోయాయి. అప్పుడు సుజాత, పాప మొహం మీదినుంచి కళ్లు తిప్పకుండానే అంది.

"ఏమండీ, ఆ చేపకైనా ఎక్కడో పాలు దొరికినయ్. నా పిల్లకు దొరకలేదు. అమ్మా, నువ్వు వండు."

వండింది. సుజాత తింది. నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఆమె ముళ్లు తీసి పళ్లెం అంచుకు పెట్టే చప్పుడు వినిపించింది. ఒక్కసారి కూడా ఆగకుండా తింది.

మర్నాడు పొద్దుగూకేసరికి పాలు పడ్డాయి. పాప గుటకలు వేస్తుంటే అత్తగారు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. నాలుగు రోజులు పోయేసరికి పాపకు పట్టించగా ఇంకా మిగిలేన్ని పాలు. మిగిలిన పాలు పిండి కాళ్లు తొక్కే చోట పోయకూడదంటారు, ఏదైనా చెట్టు మొదట్లో పోస్తారు. సుజాత చిన్న గ్లాసులో పట్టి నా చేతికిచ్చింది.

"ఆ పంటు సందులో పోసి రండి."

"అదేం పని?"

"అంతసేపు చీకినా దానికి మీ వేళ్లలో ఏమీ రాలేదు కదండీ."

గ్లాసు తీసుకుని పోయాను. అప్పటినుంచి రోజూ పొద్దున్నే, బండ్లు రాకముందే పోయేవాణ్ణి. గ్లాసును ఒంటికి దూరంగా, చెయ్యి చాపి పట్టుకుని పోయేవాణ్ణి. దానియేలన్న చూసేవాడు, అడిగేవాడు కాదు. సందు మీద వంచి, మొహం పక్కకు తిప్పుకుని పోసేవాణ్ణి. ఆ పాలు నీళ్ల మీద తెల్లగా పరుచుకునేవో, తిన్నగా కిందికి దిగిపోయేవో నేను చూడలేదు. పోయగానే చెక్కల కింద చిన్న చప్పుడు వినిపించేది. పడవలు రెండూ రాసుకునే చప్పుడే కావచ్చు. పొయ్యక ముందు మాత్రం అది వినిపించేది కాదు.

అదేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. మాకు మళ్లీ బదిలీ వచ్చేదాకా ఇదే వరస. అన్ని రోజుల్లో ఒక్కసారి కూడా నేను గ్లాసు రేవులో కడగలేదు. పాల చారలతోనే ఇంటికి తెచ్చేవాణ్ణి. ఆ నీళ్లలో చెయ్యి పెట్టడం నా వల్ల కాలేదు.