కుడి దవడ ఒక్కపొద్దు

రంజాన్ సేమ్యా అనగానే గిన్నెలు పట్టుకుని పరిగెత్తుతారు గానీ, మా వీధి పిల్లలకి ఒక్కపొద్దు నేర్పిన మస్తాన్‌బీ ఎవరని మీలో ఒక్కరన్నా అడిగారా? దేవుడు మీకు నోరిచ్చింది తినడానికే!

చిలకలూరిపేటలో మా పక్కిల్లే ఆవిడది. పిల్లలంతా నానీ అనేవాళ్లు, అంటే అమ్మమ్మ అని. మిరపకాయల తొడిమలు తీస్తూ చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టుకునేది. రంజాన్ నెలంతా తెల్లారకముందే తినాలని, మళ్లీ పొద్దుగుంకేదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదని, ఆకలి తెలిస్తేనే పండగనాడు పక్కవాడికి పెట్టబుద్ధవుతుందని చెప్పేది. ఆకలికి ఆగలేని బుడతలకి మాత్రం ఒక దారి చూపించింది.

"మీకు కుడి దవడే ఒక్కపొద్దు. ఎడమ దవడతో తినండి" అనేది.

చర్చికి పోయే దేవకుమారి పిల్లలు కూడా ఆ నెలంతా ఎడమ పక్కనే నమిలేవాళ్లు.

తర్వాత ఆవిడకి షుగరొచ్చింది. ఒక్కపొద్దు ఉండొద్దన్నాడు డాక్టరు. పిల్లలకి తెలిస్తే ఇక తన మాట ఎవరు వింటారని, తలుపేసుకుని తినేది. ఒకరోజు ఎదురింటి ఆరేళ్ల అర్ఫా తలుపు తోసింది. మస్తాన్‌బీ చేతిలో ఇడ్లీ ఉంది.

"నానీ, ఏ దవడ?" అంది పిల్ల.

"ఎడమదేనే" అంది. నోట్లో ఒక్క పన్ను లేదు, దవడ గురించి చెప్పింది మహాతల్లి!

"మరి తలుపెందుకేశావ్? మేమంతా బయటే తింటున్నాంగా!" అని అర్ఫా ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని అరుగు మీదకి లాక్కొచ్చింది.

అప్పట్నుంచి రంజాన్‌లో పిల్లల మధ్యనే కూర్చుని తినేది. కిందటేడు పోయింది. డెబ్బై మూడేళ్లు.