నాన్నగారికి ఏకవచనమా?

ఈ సాయంత్రం అశోక్‌నగర్‌లో మా పై వాటా అమ్మాయి పోటీ పరీక్షల పుస్తకం పట్టుకొచ్చింది.

"దీంట్ల తప్పేంది తాతా?"

'మై ఫాదర్ ఆర్ ఎ క్లర్క్' అని ఉంది. నాకు నవ్వాగలేదు. అరవై తొమ్మిదిలో నారాయణగూడ ట్యుటోరియల్లో నేను రాసింది అచ్చం ఇదే.

"నాయన ఒక్కడే కదర, 'ఆర్' ఎందుకు పెట్టినవ్?" అన్నారు మాస్టారు.

"నాన్నగారిని 'ఈజ్' అంటే ఏకవచనం అయిపోదాండీ?"

మాస్టారు పగలబడి నవ్వారు. "ఇంట్ల గట్లనే అను, పరీక్షల మాత్రం 'ఈజ్' రాయి" అంటూనే అర మార్కు కోసేశారు.

అమ్మాయికి 'ఈజ్' అని దిద్ది ఇచ్చాను. మర్యాదకు పోయి మార్కులు పోగొట్టుకున్నవాళ్ళు మీలో ఇంకెవరైనా ఉన్నారా?

నాన్నగారికైతే ఇప్పుడు 'వాజ్' పెట్టాలి. ఆ తప్పు మాత్రం నేనింకా దిద్దుకోలేదు.