అటక మీది బట్టలు ఎవరివి?

మా వీధిలో వరద నీళ్లు ఎంతెత్తు వచ్చాయో నన్నడిగితే కరెంటు స్తంభమంత అంటాను. మా ఇస్త్రీ పిన్నినడిగితే నడుందాకా అంటుంది. పెంచి చెప్పడం ఆమెకు చేతకాదు. మా ఇంట్లో ఆ విద్య అంతా నాకే వచ్చింది, అందుకే బడి నన్ను భరించలేక మధ్యలోనే వదిలేసింది. ఇప్పుడు చెప్పేదాంట్లో మాత్రం కోతల్లేవు. ఒళ్లు మండుతున్నవాడికి కోతలు కోసే ఓపిక ఉండదు.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. బాబాయి పోయాక ఒక్క గది, ఒక ఇస్త్రీపెట్టె, ఒక బల్ల, అంతే ఆమె సంసారం. వీధిలోని చొక్కాలన్నీ ఆ బల్ల మీదుగానే ఉద్యోగాలకు వెళతాయి. నోరు మాత్రం ఇస్త్రీపెట్టె కన్నా వేడి.

నీళ్లు గుమ్మం దాటుతున్నాయని తెలిసి పరుగెత్తాను.

"పిన్నీ, ముందు నీ పరుపు పైకెత్తు!"

"పరుపు నాదిరా. చొక్కాలు జనాలవి. అందుకో ముందు!"

జనాల బట్టలన్నీ అటకెక్కాయి. ఆమె పరుపు, బియ్యం, పెట్టెలోని చీరలు నీళ్లపాలయ్యాయి. బల్ల ఉబ్బి పగిలిపోయింది. నీళ్లు తగ్గగానే, జనాల బట్టలకు బురద అంటుతుందని గోడలూ నేలా అద్దంలా కడిగేసింది. కుళ్లిన సామానంతా చెత్తబండికెత్తేసింది. అదే ఆమె చేసిన నేరం.

వరద ఇళ్లకు సర్కారు సాయం చేస్తుందన్నారు. అది వస్తేనే కొత్త బల్ల, బల్ల ఉంటేనే పొయ్యి వెలిగేది. సర్వే ఆయన ఫోను పట్టుకుని వచ్చి, గడప దాటకుండానే తొంగిచూశాడు.

"మునిగిందన్నారు, గోడకు మరకైనా లేదే?"

"కడుక్కున్నాను బాబూ."

"అటక మీద అన్ని బట్టలా! మా ఇంట్లో కూడా లేవమ్మా." నవ్వుతూనే ఫోనులో 'నష్టం లేదు' అని నొక్కేశాడు.

"అవి నావి కావయ్యా! ఆ ప్యాంట్లు నేను తొడుక్కుంటానా?"

"ఎవరివైతే ఏం, పొడిగా ఉన్నాయిగా."

నాకు నెత్తురు మరిగింది. "సార్, గోడకు దోసెడు బురద కొట్టమంటారా? అప్పుడైనా కనిపిస్తుందా?"

"కోతలరాయుడా, నా గోడ ముట్టుకున్నావో, ముందు నిన్ను ఉతుకుతా" అని పిన్ని నన్ను పక్కకు నెట్టి వీధిలోకి వెళ్లి కేకేసింది. "ఒరేయ్ డ్రైవరూ, నీ ఖాకీ చొక్కాలు పట్టుకుపో! నర్సమ్మా, నీ తెల్లకోట్లు! అందరూ రండి, ఎవరివి వాళ్లు తీసుకోండి!"

జనం వచ్చారు. ఎవరి మూట వాళ్లు దించుకున్నారు. అటక మీద చివరికి బల్లి ఒక్కటే మిగిలింది, అది కూడా సిగ్గుపడి పారిపోయింది.

"ఇప్పుడు చూడు నాయనా. నాదంటూ ఏముందో రాయి."

"ఒకసారి పంపాక మార్చడం కుదరదమ్మా. ఆఫీసులో అర్జీ పెట్టుకోండి." ఆయన బండెక్కబోయాడు.

డ్రైవరు చొక్కాల మూటతోనే బండికి అడ్డంగా నిలబడ్డాడు. "ఇవి తడవకూడదని ఆవిడ పరుపు తడిసింది సార్. ఎలా వెళతారో వెళ్లండి, చూద్దాం." నర్సమ్మ బండి తాళం లాగేసుకుంది.

కుదరనిది ఎలా కుదిరిందో గానీ, ఆయన ఎవరికో ఫోను చేసి, చెమటలు కక్కుతూ మళ్లీ మొదలుపెట్టాడు.

"పాత చీరలు కూడా రాయాలా?"

"పాతవైతే నీళ్లకు తడవవా?"

అన్నీ రాసుకున్నాడు. డబ్బు వచ్చిందా అని మాత్రం అడక్కండి. పరిశీలనలో ఉందట. 'నష్టం లేదు' అని నొక్కడానికి రెప్పపాటు చాలిన వాళ్లకు, ఉందని ఒప్పుకోవడానికి ఇంత పరిశీలన దేనికో! ఇల్లు శుభ్రంగా పెట్టుకున్న మనిషి అబద్ధాలకోరట, ఆ ముక్క తేల్చడానికి ఒక ఆఫీసట!

పిన్ని ఇప్పుడు నేల మీద దుప్పటి పరిచి, మోకాళ్ల మీద వంగి ఇస్త్రీ చేస్తోంది. నడుం పట్టుకుని లేచేటప్పుడు ఆమె తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను. రాస్తే ఆ ఆఫీసు గోడల పెచ్చులూడి, వాళ్లకే సర్కారు సాయం కావాల్సొస్తుంది.