అన్నయ్య కంటి పత్యం

ముప్పై ఏళ్లు దాటింది, ఈ మాట నా గొంతులో ముల్లులా దిగబడి. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. ఇవాళ కక్కుతున్నాను. లోపల ఉన్నది అంత రోతగానే ఉంది మరి. మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు చెప్పను.

అప్పట్లో గోపాలపట్నంలో ఉండేవాళ్లం. అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్లబ్బాయి, నేను. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులవి, నేనొక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాని. అన్నయ్య పోర్టులో ఓడల సరుకు ఎత్తి దించే వించి నడిపేవాడు. ఆయన ఎడమ కన్ను చిన్నప్పట్నుంచీ సరిగా ఆనదు. ఉన్న ఒక్క కుడి కంటికీ శుక్లం ముదిరితే ఆపరేషన్ చేయించి, సోడాబుడ్డి అద్దాలు పెట్టించాం. కంటి ఆపరేషన్ అంటే నలభై రోజులు పత్యం ఉండాలని అమ్మ కట్టడి చేసింది. చేప, వంకాయ, పులుపు ఏవీ తగలకూడదు. వదిన ఆ నలభై రోజులూ ఆయనకి వేరే గిన్నెలో చప్పటి కూరలు వండింది. ఆయన ముందు తినడం బాగోదని తనూ చేప ముట్టలేదు.

మధ్యలో ఒక రోజు వదిన కొళాయి దగ్గర వరసలో నిలబడి ఉంది. అమ్మ నిద్రపోతోంది. నోరు చచ్చిపోయిందిరా అని అన్నయ్య గొణిగాడు. నేను వెళ్లి సారా కొట్టు పక్కన అమ్మే ఎండు నెత్తళ్ల చేపల వేపుడు ఒక పొట్లం పట్టుకొచ్చాను. ఇద్దరం పెరట్లో కూర్చుని తిన్నాం. దొంగతనం చేసిన పిల్లల్లా నవ్వుకున్నాం కూడా.

ఏడాది తిరిగేసరికి బాగైన కన్ను మళ్లీ మసకబారింది. అన్నయ్యని వించి మీంచి దింపేసి గోడౌను దగ్గర కాపలాకి వేశారు. పత్యం తప్పింది, ఎవరో తప్పించారు అని అమ్మ తేల్చేసింది. అన్నయ్య తల దించుకుని ఊరుకున్నాడు. ఆయన తప్పు ఆయనది. నాది చెప్తాను.

"ఓ రోజు ఇంట్లో ఎండుసేపల వాసనొచ్చిందమ్మా" అన్నాను నేను.

అబద్ధం కాదు, చూశారా? వాసన వచ్చిన మాట నిజమే. నా చేతుల్లోంచి వచ్చింది. అంత తెలివి నాకు ఎక్కణ్నుంచి పుట్టుకొచ్చింది? ఇంట్లో వండేది ఒక్కరే కాబట్టి అందరి చూపూ వదిన మీదికి మళ్లింది. ఆమె ఒట్టు పెట్టుకుంది, ఏడ్చింది. ఎవరూ వినలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆమె పేరు మొగుడి కన్ను తినేసిన మనిషి. అందరికంటే గట్టిగా తిట్టింది నేనే. నా గొంతు తగ్గితే నా మీద అనుమానం వస్తుందని భయం. మూడేళ్లు అలా తిట్టాను, ఆమె వండిన అన్నం తింటూనే.

తర్వాత మద్రాసులో ఏదో లేజరు మిషను వచ్చింది, కోత లేకుండా పొర తీసేస్తారు అని ఇక్కడి డాక్టరు చెబితే అన్నయ్యని నేనే తీసుకెళ్లాను. గడ్డం ఒక పలక మీద ఆనించి కూర్చోబెట్టారు. చిటుక్కు చిటుక్కుమని చప్పుడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన బయట బెంచీ మీద కూర్చున్నాక నేను లోపలికెళ్లి, తిండి వల్ల అయిందా అని డాక్టరుని అడిగాను. తెలుగాయనే. నవ్వాడు. ఆపరేషన్లో వెనక ఒక పల్చటి పొర ఉంచేస్తారట, కొందరికి అది నెమ్మదిగా మసకబారుతుందట. చేపలకీ దానికీ సంబంధం లేదు, ఎవరి తప్పూ కాదు అన్నాడు.

నాకెంత హాయిగా అనిపించిందో చెప్పనా? ఆ రాత్రి హోటల్లో చేపల వేపుడు రెండుసార్లు అడిగి వేయించుకుని తిన్నాను. మర్నాటికి అన్నయ్య రైలు కిటికీలోంచి స్టేషన్ బోర్డులు కూడబలుక్కుని చదువుతూ ఏడుస్తున్నాడు. ఆయనకి కూడా చెప్పలేదు. విడుదల నాకొక్కడికే చాలనుకున్నాను.

ఇంటికి రాగానే వదిన నన్ను పక్కకి పిలిచింది.

"డాకటరు ఏటన్నాడు బాబూ? ఎందుకలాగైపోయిందో సెప్పినాడా?"

"పత్తెం తప్పితే అలాగే పొర కడతాదన్నాడు వదినా."

"అయితే నానే ఏటో పెట్టేసుంటాను బాబూ. నాకే గేపకం రాటం లేదు" అంది.

ఎందుకు చెప్పాను ఆ అబద్ధం? కన్ను బాగైపోయింది, నిజం చెబితే నాకు పోయేదేముంది? ఎన్నోసార్లు తవ్వుకున్నాను. నిజం చెబితే మూడేళ్ల తిట్లకీ నేను జవాబు చెప్పాలి. ఆమె ముఖం చూడాలి. అంతకంటే పెద్ద కారణం ఏదీ దొరకలేదు. అంత నీచమైన, చిన్న కారణం. అప్పటిదాకా తాను చెయ్యలేదని ఆమెకైనా తెలుసు. ఆ కాస్తా నేను లాగేసుకున్నాను.

ఇంకా ఉంది. కొన్నేళ్లకి వదినకీ శుక్లాలు వచ్చాయి. అప్పటికి ఇంటికి కోడలొచ్చింది. కొడుకు ఆపరేషన్‌కి బతిమాలుతున్నాడు. నేనక్కడే టీ తాగుతూ కూర్చున్నాను.

"వద్దురా. రేపు మళ్లీ పొర కడితే అందరూ ఆ పిల్లనంటారు. నాను పడ్డాను, సాలు" అంది వదిన.

ఒక్క మాట చాలు. అన్నీ అబద్ధాలు వదినా, చేయించుకో అంటే చాలు. గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాను.

ఆమె ఇంకో తొమ్మిదేళ్లు బతికింది. గోడ తడుముకుంటూ పెరట్లోకి వెళ్లేది. మనవరాలి ముఖం చేత్తో తడిమి చూసుకునేది. నేను వెళ్తే అడుగుల చప్పుడు గుర్తుపట్టి, బాబుకి అన్నం పెట్టమ్మా అని కోడలికి చెప్పేది. నేను తినేవాణ్ని.

అమ్మ లేదు, అన్నయ్య లేడు, వదినా లేదు. క్షమించేవాళ్లెవరూ మిగల్లేదు, మిగిలున్నా అడిగే ముఖం నాకు లేదు. మా వదిన ఏమీ పెట్టలేదండీ. ఈ ముక్క ఇప్పటికి ఒకరితో అన్నాను. ఊపిరి కాస్త ఆడుతోంది, దాన్ని చూసినా నాకు అసహ్యంగానే ఉంది.