అట్ట మీది మొహం

అమెరికాలో పాటల ఊరైన నాష్‌విల్లేలో పాట కట్టని మనిషి కనిపిస్తే, అతను పైఊరివాడన్నమాట. మా వర్లిన్ టిబ్స్ మాత్రం ఆ జబ్బు తనకు లేదని గొప్పగా చెప్పుకునేవాడు. పంతొమ్మిదివందల డెబ్బైల్లో మా రికార్డుల కంపెనీలో అట్టల మీద ఏ బొమ్మ ఉండాలో, ఏ అక్షరాలు ఎక్కడుండాలో తేల్చే పెద్దమనిషి అతనే. పక్క బల్ల దగ్గర కూర్చుని ఆ అక్షరాలు కత్తిరించి అంటించేదాన్ని నేను.

అతనికి వచ్చిన విద్య రెండే ముక్కలు. దుకాణంలో రికార్డులను పెట్టెల్లో నిలబెడతారు కాబట్టి పేరు పైనే ఉండాలి, కింద ఏమున్నా ఎవడికీ కనిపించదు. ఇక మొహం అందంగా ఉండాలి, అది ఎవరిదైనా సరే. వెనక ఒక కంచె, మగవాడైతే నెత్తిన టోపీ. గుర్రాన్ని చూస్తే ఆమడ దూరం పారిపోయేవాడి పక్కన కూడా గుర్రాన్ని నిలబెట్టాడు ఈ మేధావి!

ఓర్లీన్ ప్రూయెట్ అనే ఆవిడ స్కూల్లో వంట చేసేది. యాభై దాటాక మొదటి రికార్డు పాడింది. కన్ను కాస్త మెల్ల. ఆదివారం గౌను వేసుకుని దిగిన ఫోటో పట్టుకొచ్చింది.

"మా అమ్మకి బొత్తిగా చెవుడు సార్. నా పాట ఎలాగూ వినలేదు. అట్ట మీద నన్ను చూసుకుంటుందని ఆశ."

వర్లిన్ ఆ ఫోటోను చెయ్యి చాపి దూరంగా పట్టుకున్నాడు. "పాట మీదేనమ్మా, ఎవరు కాదన్నారు? మొహం సంగతి నాకొదిలెయ్యండి."

రికార్డు వచ్చింది. పైన ఓర్లీన్ పేరు. కింద కంచెకు ఆనుకుని, పళ్ళపొడి ప్రకటనలో లాగా నవ్వుతున్న పసుపు జుట్టు పిల్ల. ఓర్లీన్ చాలాసేపు చూసింది. కనీసం అమ్మ కోసం ఆ బొమ్మ పక్కన సంతకం చేద్దామని పెన్ను తీసింది.

"అయ్యో, మొహం మీద గీయకమ్మా, పాడవుద్ది! కింద పెట్టు" అన్నాడు వర్లిన్.

నాకు ఒళ్ళు మండింది. "ఆవిడ మొహం కాదుగా సార్, పాడైతే ఏం పోయింది?" అన్నాను.

"నీ పని నువ్వు చూసుకో" అన్నాడు.

ఆ అట్ట చూసి వాళ్ళమ్మ "ఈ పిల్లెవరే?" అని అడిగిందట.

రిటైరయ్యాక వర్లిన్ జబ్బు బయటపడింది. ఇన్నాళ్ళూ దాచుకున్న పాటలన్నీ తీసి, మా కంపెనీలోనే భక్తిపాటల రికార్డు చేయించుకున్నాడు. బట్టతల, గడ్డం కింద వేలాడే మడత, కొత్త టై. ఫోటో కూడా దిగి పంపాడు. అతని కుర్చీలోకి వచ్చిన శిష్యుడు గురువు మాట జవదాటలేదు. టోపీ పెట్టుకున్న పాతికేళ్ళ అందగాణ్ణి తెచ్చి అదే కంచె ముందు నిలబెట్టాడు.

చర్చి భోజనాల రోజున, వేయించిన కోడి పళ్ళాల పక్కన ఆ రికార్డులు అమ్మకానికి పేర్చుకుని కూర్చున్నాడు వర్లిన్. వచ్చినవాళ్ళంతా అట్ట చూసి, "పాడిన అబ్బాయి రాలేదా?" అని అతన్నే అడిగి పోతున్నారు. చూస్తుంటే నాకు జాలి వేయలేదు.

ఓర్లీన్ వచ్చి ఒకటి చేతిలోకి తీసుకుంది. "ఎవరీ కుర్రాడు? చక్కగా ఉన్నాడు."

"పాడింది నేనమ్మా" అన్నాడు వర్లిన్.

"తెలుసు నాయనా. ఓ సంతకం పెట్టివ్వు."

వర్లిన్ మొహం వికసించింది. పెన్ను తీసి, టోపీ పక్కన పెద్దగా పెట్టబోయాడు. ఓర్లీన్ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"మొహం మీద గీయకు, పాడవుద్ది. కింద పెట్టు."

అతను వంగి, పెట్టెలో నిలబెడితే ఎవరికీ కనిపించని చోట తన పేరు రాశాడు.